ఇంట్లో సీలింగ్ లైట్ మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత లైట్ తీసి కొత్తది పెట్టుకుందామనుకున్న ప్రతివాళ్ళూ తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలే ఇవి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నా. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సింది చూసుకోండి, కానీ కరెంట్ ఆపడం గురించి మొదట్లో ఉన్న నాలుగైదు జవాబులు మాత్రం దాటెయ్యకండి. మిగతా వాటిల్లో పొరపాటైతే చాలావరకు లైట్ వెలగదు, మళ్ళీ విప్పుకుంటాం. వీటిల్లో అయితే విప్పుకోడానికి మనం ఉండాలిగా.

ఇది మనమే చేసుకోవచ్చా, ఎలక్ట్రీషియన్ని పిలవాల్సిందేనా?

ఉన్న లైట్ తీసేసి అదే చోట ఇంచుమించు అంతే బరువున్న ఇంకోటి పెట్టడమైతే, నిచ్చెన ఎక్కడానికి కళ్ళు తిరగని మనిషి ఎవరైనా చేసుకోవచ్చు. కొత్తగా పాయింట్ లాగాలన్నా, లైట్ జాగా మార్చాలన్నా, పైన పెట్టె తెరిస్తే మాడిన వాసన వచ్చినా ఎలక్ట్రీషియన్ని పిలవండి, అక్కడ మొహమాటం వద్దు. ఇంకో సంగతి, ఇది దేశాన్ని బట్టి కూడా ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఇంటి ఫిక్స్‌డ్ వైరింగ్ మీద లైసెన్స్ లేనివాళ్ళు చెయ్యి వెయ్యకూడదు, సొంతిల్లైనా సరే. ఇంగ్లండ్‌లో పాత దాని బదులు కొత్తది పెట్టుకోడం వరకు ఎవరికీ చెప్పక్కర్లేదు. మీరున్న చోట రూల్ ఏంటో ముందే కనుక్కోండి. అద్దె ఇల్లైతే ఓనర్‌ని ఒక మాట అడిగి, పాత లైట్ స్క్రూలతో సహా కవర్లో కట్టి దాచండి, ఖాళీ చేసేటప్పుడు పనికొస్తుంది.

గోడ మీద స్విచ్ ఆఫ్ చేస్తే చాలదా?

చాలదు. స్విచ్ ఆఫ్ చేశాం, లైట్ ఆరిపోయింది, కాబట్టి పైన కరెంట్ లేదు అనుకుంటాం కానీ లైట్ ఆరిపోడం వేరు, వైర్లలో కరెంట్ లేకపోడం వేరు. స్విచ్ ఫేజ్ (కరెంట్ తెచ్చే వైరు) మీద ఉండాలి, కానీ వైరింగ్ చేసినవాళ్ళు తప్పుగా న్యూట్రల్ (కరెంట్ తిరిగి వెళ్ళే వైరు) మీద పెట్టేసిన ఇళ్ళు బోలెడున్నాయి. అలాంటి ఇంట్లో స్విచ్ ఆఫ్ చేస్తే లైట్ ఆరుతుంది గానీ ఫేజ్ నేరుగా హోల్డర్ దాకా వచ్చి కూర్చునే ఉంటుంది, ముట్టుకుంటే షాక్ గ్యారెంటీ. స్విచ్ సరిగ్గానే ఉన్నా కూడా చాలా ఇళ్ళల్లో ఫేజ్ వైరు ముందు లైట్ దగ్గరున్న పెట్టెలోకొచ్చి అక్కడ్నుంచి స్విచ్‌కి దిగుతుంది, పక్క గదికి కూడా అక్కడ్నుంచే లూప్ వెళ్తుంది, అంటే స్విచ్ ఎటున్నా ఆ పెట్టెలో కరెంట్ ఉన్నట్టే. ఒకే లైట్‌కి రెండు చోట్ల ఉండే టూవే స్విచ్ అయితే ఇంకా గొడవ, కింద ఎవరో వచ్చి రెండో స్విచ్ నొక్కేస్తారు.

కాబట్టి ఎంసీబీ, అంటే మెయిన్ బోర్డులో ఆ సర్క్యూట్‌ని ఆపే చిన్న బ్రేకర్, దించాలి. ఏ ఎంసీబీయో తెలీకపోతే లైట్ వేసి ఉంచి ఒక్కొక్కటీ దించుతూ చూడండి, ఏది దించితే ఆ లైట్ ఆరిందో అది. దాని మీద టేపు అంటించి "పని జరుగుతోంది, వెయ్యొద్దు" అని రాయండి, ఇంట్లో అందరికీ నోటితో కూడా చెప్పండి. ఫ్యాన్ ఆగిపోయిందని ఎవరో లేచి వెళ్ళి ఎంసీబీ ఎత్తేయడం ఈ పనిలో అన్నిటికన్నా తేలిగ్గా జరిగిపోయే ప్రమాదం.

ఒక ఎంసీబీ దించితే సరిపోతుందా, మెయినే ఆపాలా?

రెండూ ఆపమంటాను, కారణం ఉంది. మామూలు సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌ని మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. పాత ఇళ్ళల్లో రెండు సర్క్యూట్ల న్యూట్రల్ ఎక్కడో ఒకచోట కలిపేసి ఉంటారు. మీరు ఈ సర్క్యూట్ ఆపి, పైన న్యూట్రల్ జాయింట్ విప్పేసరికి పక్క గదిలో నడుస్తున్న ఫ్యాన్ కరెంట్ అదే వైరులోంచి వెళ్తుంటే, విప్పిన కొసకి పూర్తి వోల్టేజ్ వచ్చేస్తుంది. న్యూట్రలే కదా అని ముట్టుకుంటే అంతే. మెయిన్ స్విచ్ రెండు పోల్స్‌దైతే ఫేజూ న్యూట్రలూ రెండూ తెంపుతుంది, ఆ గొడవ ఉండదు. ముందు ఎంసీబీ దించి పైన టెస్ట్ చెయ్యండి, కిందికి దిగి మెయిన్ కూడా దించండి, అప్పుడు పని మొదలెట్టండి. పగలు చేసుకోండి ఈ పని, టార్చ్ పళ్ళతో పట్టుకునే అవస్థ ఉండదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఏమైనా తేడానా?

చాలా తేడా. మెయిన్ దించగానే ఇన్వర్టర్ కరెంట్ పోయిందనుకుని తన పని తను మొదలెడుతుంది, లైట్లే ముందుగా దాని మీద ఉంటాయి. మెయిన్ ఆపేశాననే ధైర్యంతో చెయ్యి పెడితే ఇన్వర్టర్ కరెంట్ కొడుతుంది, అది కూడా అచ్చం అలాగే చంపగలదు, బ్యాటరీ కదా 12 వోల్టులే కదా అనుకోవద్దు, బయటికొచ్చేది ఇంటి వోల్టేజే. ఇన్వర్టర్ ముందున్న బటన్ ఆఫ్ చేస్తే కొన్ని మోడల్స్‌లో మెయిన్ కరెంట్ మాత్రం దాంట్లోంచి నేరుగా వస్తూనే ఉంటుంది, కాబట్టి బటనూ ఆపాలి, దాని అవుట్‌పుట్ ఎంసీబీ గానీ బైపాస్ స్విచ్ గానీ ఉంటే అదీ చూడాలి, మెయినూ దించాలి. సోలార్ బ్యాటరీ సిస్టమ్ ఉన్నా ఇదే మాట.

టెస్టర్ పెడితే వెలగలేదు, ఇంక కరెంట్ లేనట్టేనా?

నియాన్ బల్బు ఉన్న స్క్రూడ్రైవర్ టెస్టర్ వెలిగితే నమ్మండి, వెలగకపోతే నమ్మకండి. అది వెలగాలంటే మన ఒంట్లోంచి చిన్న కరెంట్ నేలలోకి వెళ్ళాలి. చెక్క నిచ్చెన మీద రబ్బరు చెప్పులేసుకుని నిలబడితే మసగ్గా వెలుగుతుంది, కిటికీ వెలుతురులో అది కనిపించదు. పైగా ఆ టెస్టర్ ఎన్నేళ్ళ నుంచి డ్రాయర్లో పడుందో ఎవరికి తెలుసు.

మల్టీమీటర్ ఉంటే అదే వాడండి. దానికో పద్ధతుంది, ముందు కరెంట్ ఉందని ఖాయంగా తెలిసిన సాకెట్‌లో పెట్టి మీటర్ పనిచేస్తోందని చూసుకోండి, తర్వాత పైన వైర్ల మీద చూడండి, తర్వాత మళ్ళీ అదే సాకెట్‌లో చూడండి. మూడోసారి ఎందుకంటే మధ్యలో మీటర్ బ్యాటరీ పోయిందో లీడ్ ఊడిందో అనుకోండి, సున్నా చూపిస్తుంది, మనం సంతోషపడిపోతాం. పైన చూసేటప్పుడు ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్యా, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్యా, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్యా మూడూ చూడాలి, స్విచ్ ఆన్‌లో పెట్టి ఒకసారి, ఆఫ్‌లో పెట్టి ఒకసారి. డిజిటల్ మీటర్లో కొన్నిసార్లు అయిదో పదో వోల్టులు కనిపిస్తాయి, పక్క వైర్ల నుంచి ఊరికే ఎక్కేది అది. కానీ పెద్ద అంకె కనిపిస్తే మాత్రం "ఊరికే ఎక్కిందేలే" అనుకోకుండా దిగి వచ్చి ఏ సర్క్యూట్ మిగిలిపోయిందో వెతకండి.

ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే ఆపే బ్రేకర్) ఉంది కదా, షాక్ కొడితే అదే కట్ చేస్తుందిగా?

ఒంట్లోంచి కరెంట్ నేలలోకి లీకైతే కట్ చేస్తుంది, ఇళ్ళల్లో మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లకి కట్ చేసేది ఉంటుంది. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి మీరూ ఒక బల్బే, వెళ్ళిన కరెంట్ అంతా తిరిగొస్తోంది కాబట్టి కదలదు. నిచ్చెన మీద చిన్న షాక్ తగిలినా అదిరిపడి కిందపడతాం, ఆ దెబ్బకి ఆర్‌సీసీబీ ఏం చేస్తుంది.

ఏమేం సామాన్లు దగ్గర పెట్టుకోవాలి?

టెస్టర్, మల్టీమీటర్, ఒక స్టార్ ఒక మైనస్ స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లయర్, వైర్ స్ట్రిప్పర్, కనెక్టర్లు, ఇన్సులేషన్ టేపు, టార్చ్, కళ్ళద్దాలు. స్లాబ్‌కి బిగించాలంటే డ్రిల్, 6 ఎంఎం రాతి బిట్, దానికి సరిపడా ప్లగ్గులు (స్క్రూ పట్టడానికి కన్నంలో దూర్చేవి), స్క్రూలు. నిచ్చెన గోడకి ఆనించకుండా తనే నిలబడే మడత నిచ్చెనైతే బాగు, అల్యూమినియం కాకుండా చెక్కది గానీ ఫైబర్‌ది గానీ. కుర్చీ మీద స్టూల్ ఎక్కించడం లాంటి విన్యాసాలు వద్దు. ఇంకో మనిషి కావాలి, లైట్ పట్టుకోడానికీ, అవసరమైతే మెయిన్ దించడానికీ.

పాత లైట్ ఎలా విప్పాలి?

బల్బులు, గ్లాసు ముందు తీసెయ్యండి, బరువు తగ్గుతుంది, పగిలే బాధ ఉండదు. వెలుగుతున్న లైటైతే అరగంట చల్లారనివ్వండి. తర్వాత పైన మూత స్క్రూలు విప్పి కిందికి దించితే వైర్లు కనిపిస్తాయి, ఇక్కడే టెస్ట్ చెయ్యాల్సింది, ఏదీ ముట్టుకోకముందే. పక్కనున్న మనిషి లైట్‌ని పట్టుకోవాలి, వైర్ల మీద వేలాడనివ్వకూడదు. ఇప్పుడు ఫోన్‌తో ఫోటోలు తీయండి, ఒకటి కాదు, నాలుగు వైపుల నుంచి. ఏ వైరు దేనితో కలిసి ఉందో అచ్చంగా ఆ గుంపుల్లాగే టేపు ముక్కలు చుట్టి పేర్లు రాసి, అప్పుడు విప్పండి. ఈ టేపు ముక్కల పనికి చాలామందికి బద్ధకం, రెండు వైర్లే కదా అనుకుంటారు, మూత దించాక చూస్తే రెండుండవు.

అవును, రెండు వైర్లుంటాయనుకున్నా, ఆరేడు ఉన్నాయి! ఏది ఏంటి?

కంగారు పడకండి, ఇది లూపింగ్. ఇలాంటి పాయింట్‌లో మూడు గుంపులుంటాయి. ఒకటి ఎప్పుడూ కరెంట్ ఉండే ఫేజ్ గుంపు, బోర్డు నుంచి వచ్చేదీ, పక్క పాయింట్‌కి వెళ్ళేదీ, స్విచ్‌కి దిగేదీ ఇవన్నీ కలిసి ఉంటాయి, దీనికి లైట్‌తో సంబంధం లేదు. రెండోది స్విచ్ నుంచి తిరిగొచ్చే వైరు, ఇది ఒంటరిగా లైట్ ఫేజ్‌కి కలుస్తుంది. మూడోది న్యూట్రల్ గుంపు, ఇది లైట్ రెండో వైరుకి. ఎర్త్ ఉంటే అది నాలుగో గుంపు.

జనం పడే బోల్తా ఎక్కడంటే, విప్పేశాక రంగులు చూసి ఎర్రవన్నీ ఒకటి, నల్లవన్నీ ఒకటి అని కలిపేస్తారు. స్విచ్‌కి రెండు కోర్ల కేబుల్ దిగిన ఇళ్ళల్లో తిరిగొచ్చే వైరు కూడా నల్లగానో నీలంగానో ఉంటుంది, అది న్యూట్రల్ కాదు, స్విచ్ వేసినప్పుడు ఫేజ్ అయ్యేది అదే. దాన్ని న్యూట్రల్ గుంపులో కలిపేస్తే స్విచ్ ఆఫ్‌లో ఉన్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది, వెయ్యగానే ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిసి ఠప్పుమని ఎంసీబీ పడుతుంది, స్విచ్ మాడినా మాడుతుంది. అలా కాకుండా లైట్‌ని ఎప్పుడూ ఉండే ఫేజ్ గుంపుకి ఇచ్చేస్తే లైట్ ఆగదు, స్విచ్ ఎటు నొక్కినా వెలుగుతూనే ఉంటుంది.

ఫోటో తీయకుండా విప్పేసి ఉంటే ఇంక ఊహించకండి. కొసలన్నీ విడివిడిగా కనెక్టర్లలో పెట్టి, ఒకదానికొకటి తగలకుండా సర్ది, ఎలక్ట్రీషియన్ని పిలిచి మీటర్‌తో చూపించుకోండి.

రంగుల్ని నమ్మొచ్చా?

సూచనగా చూడండి, సాక్ష్యంగా కాదు. చాలా దేశాల్లో పాత పద్ధతి ఫేజ్ ఎరుపు, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. అంతర్జాతీయ పద్ధతిలో ఫేజ్ బ్రౌన్, న్యూట్రల్ నీలం, ఎర్త్ ఆకుపచ్చ మీద పసుపు చార. అమెరికాలో ఫేజ్ నలుపు, న్యూట్రల్ తెలుపు, ఎర్త్ ఆకుపచ్చ లేదా ఊరికే రాగి తీగ. చూశారుగా, ఒకచోట న్యూట్రలైన నలుపు ఇంకోచోట ఫేజ్. ఇంట్లో గోడలోంచి వచ్చేవి పాత రంగులు, కొత్త లైట్‌తో వచ్చేవి కొత్త రంగులు అయ్యుంటాయి, అది మామూలే. అదీకాక మధ్యలో వైరు అయిపోతే చేతికందిన రంగు లాగేసేవాళ్ళు అన్నిచోట్లా ఉంటారు. అమెరికాలో కొన్న లైట్ ఇంకో దేశంలో పెడుతుంటే డ్రైవర్ (ఎల్‌ఈడీకి కావాల్సినట్టు కరెంట్ మార్చి ఇచ్చే చిన్న డబ్బా) మీద వోల్టేజ్ కూడా చూడండి, అక్కడ 120, చాలా దేశాల్లో 230. "100–240" అని ఉంటే రెండు చోట్లా పనిచేస్తుంది.

లైట్ ఏసీయే కదా, రెండు వైర్లు ఎటు పెట్టినా వెలుగుతుందిగా?

వెలుగుతుంది. కానీ మర హోల్డర్, అదే ఈ27 ఉందనుకోండి, ఫేజ్ అడుగున మధ్యలో ఉండే బిళ్ళకి రావాలి, న్యూట్రల్ మరలున్న లోహపు గుల్లకి. తిరగేస్తే బల్బ్ మార్చేటప్పుడు వేలు తగిలే చోటే ఫేజ్ ఉంటుంది. రెండు పిన్నుల బీ22 హోల్డర్‌కి ఈ తేడా లేదు. ఎల్‌ఈడీ డ్రైవర్ మీద ఎల్, ఎన్ అని రాసుంటే దాని ప్రకారం ఇవ్వండి.

కొత్త లైట్‌కి ఎర్త్ వైరు ఉంది, పైన ఎర్త్ లేదు. వదిలేయనా?

లైట్ బాడీ లోహమైతే వదిలెయ్యొద్దు. లోపల ఫేజ్ వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, ఎర్త్ ఉంటే ఎంసీబీయో ఆర్‌సీసీబీయో పడిపోతుంది, లేకపోతే బాడీ మొత్తం కరెంట్‌తో అలాగే వేలాడుతుంది, దుమ్ము తుడవడానికి ఎక్కినవాళ్ళకి తెలుస్తుంది. ఎర్త్ లేని చోట డబుల్ ఇన్సులేషన్ లైట్ కొనుక్కోండి, దాని మీద చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉంటుంది, దానికి ఎర్త్ అక్కర్లేదు. రివర్స్‌లో, అంటే పైన ఎర్త్ ఉండి లైట్‌కి అక్కర్లేకపోతే కత్తిరించి పారేయకండి, కొసకి కనెక్టర్ పెట్టి లోపల మడిచి ఉంచండి, తర్వాతి లైట్‌కి కావాలి. ఎర్త్ బదులు న్యూట్రల్‌నే బాడీకి కలిపేసే తెలివి ఎవరైనా చెప్తే వినకండి.

వైర్లు మెలేసి టేపు చుడితే చాలదా? అందరూ అలాగే చేస్తారు.

అందరూ చేస్తారు, అందుకే సీలింగ్‌లో అన్ని నల్లటి మరకలు. లైట్ వేడికి టేపు జిగురు కరిగి కొన్నాళ్ళకి వదులవుతుంది, మెలి కూడా వదులవుతుంది, వదులైన జాయింట్ వేడెక్కుతుంది, వేడెక్కింది ఇంకా వదులవుతుంది. స్క్రూ కనెక్టర్ గానీ లివర్ కనెక్టర్ గానీ వాడండి, నా ఓటు లివర్‌కే, నిచ్చెన మీద చేతులు పైకెత్తి సన్న స్క్రూ తిప్పడం కంటే లివర్ దించడం హాయి, రెండోసారి విప్పడం కూడా తేలిక. ఇన్సులేషన్ ఎంత తీయాలో కనెక్టర్ మీదే రాసుంటుంది, మామూలుగా 10, 11 ఎంఎం. తక్కువ తీస్తే పట్టు దొరకదు, ఎక్కువ తీస్తే రాగి బయటికి కనిపిస్తుంది. గోడ వైరు గట్టిదై లైట్ వైరు మెత్తటి పోగులదైతే, పోగు ఒక్కటి కూడా బయట మిగలకుండా చూసుకోండి. పెట్టాక ఒక్కో వైరుని కాస్త గట్టిగానే లాగి చూడండి, ఊడేదైతే ఇప్పుడే ఊడనివ్వండి.

వైరు ముట్టుకుంటే పైన ప్లాస్టిక్ పెళుసుగా రాలిపోతోంది, ఏం చేయాలి?

పాత ఫిలమెంట్ బల్బుల వేడికి ఏళ్ళ తరబడి ఉడికిపోయి అలా అవుతుంది. కొస కత్తిరించి చూడండి, లోపలికి వెళ్ళేకొద్దీ మెత్తగా బాగుంటే ఆ బాగున్న చోట నుంచి కనెక్టర్‌తో కొత్త ముక్క కలుపుకోవచ్చు, జాయింట్ పెట్టె లోపల ఉండాలి, స్లాబ్ పైపులో కాదు. పైపు లోపలి దాకా రాలిపోతుంటే వైరే మార్చాలి, కొత్త లైట్ తర్వాత సంగతి.

వైరు తెల్లగా మెరుస్తోంది, రాగి కాదు.

అల్యూమినియం అయ్యుండొచ్చు, ఆపెయ్యండి. కొన్నిసార్లు రాగి మీద తగరం పూత కూడా తెల్లగా ఉంటుంది, కొస గీకితే లోపల రాగి రంగు తేలితే పర్లేదు. గీకినా తెల్లగానే ఉంటే అల్యూమినియమే. దాన్ని రాగితో నేరుగా మెలేస్తే ఆ కలిసిన చోట తుప్పు పట్టి, వేడెక్కి, నిప్పంటుకునే దాకా వెళ్తుంది. అమెరికాలో 1960ల మధ్య నుంచి 1970ల మొదటి దాకా కట్టిన ఎన్నో ఇళ్ళల్లో ఇదే తలనొప్పి. ప్రత్యేకంగా ఈ రెంటినీ కలపడానికని చేసిన కనెక్టర్లుంటాయి, ఎలక్ట్రీషియన్ పని అది.

షాండ్లియర్ పెట్టాలనుంది, ఫ్యాన్ హుక్‌కి తగిలించొచ్చా?

స్లాబ్ కాంక్రీట్‌లో ఇనప చువ్వకి ముడేసి పోసిన ఫ్యాన్ హుక్ అయితే, తుప్పు పట్టకుండా ఉంటే, ఇంటికి పెట్టుకునే మామూలు షాండ్లియర్‌ని మోస్తుంది, ఫ్యాన్ బరువుతో పాటు ఊపు కూడా మొయ్యడానికే కదా పెట్టింది. తర్వాత ప్లగ్గుతో బిగించిన హుక్ అయితే ఆలోచించండి. ఫాల్ సీలింగ్ బోర్డుకి మాత్రం బరువైంది ఏదీ బిగించకండి, రాడ్ దాని రంధ్రంలోంచి పైకెళ్ళి అసలు స్లాబ్‌కి తగలాలి. అమెరికా కోడ్‌లో లైట్ల పెట్టె 50 పౌండ్ల దాకా, అంటే 23 కిలోలకి కాస్త అటూఇటూ మొయ్యాలని ఉంది, అది దాటితే వేరే ఆధారం. ఎక్కడైనా సరే బరువు హుక్ మీదో బ్రాకెట్ మీదో ఉండాలి, వైరు వదులుగా ఉండాలి.

స్లాబ్‌లో డ్రిల్ చేస్తే లోపల వైరుకి తగులుతుందేమో?

తగలొచ్చు, ఆ భయం మంచిదే. పైపులు లైట్ పెట్టెలోంచే పక్కలకి వెళ్తాయి కాబట్టి పెట్టెలోకి తొంగి చూసి ఏ వైపు వెళ్తున్నాయో చూసుకుని ఆ గీత మీద తప్ప వేరే చోట కన్నం పెట్టండి. లోతు ప్లగ్గు కన్నా నాలుగైదు ఎంఎం ఎక్కువ చాలు, బిట్‌కి అంత దూరంలో టేపు చుట్టుకుంటే గుర్తు. గట్టిగా దేనికో తగిలి దిగకపోతే చువ్వ, ఇంకో చోటికి జరగండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, పైకి చూస్తూ కన్నం పెడితే సిమెంటు పొడి నేరుగా కంట్లోకే. దుమ్ము పట్టడానికి ఒక కాగితం కప్పుకి కన్నం పెట్టి బిట్‌కి తొడిగితే గది సగం శుభ్రంగా మిగులుతుంది.

ఫాల్ సీలింగ్‌లో గుండ్రటి ప్యానల్ లైట్ పోయింది, అదే సైజు ఎలా తెలుసుకోవాలి?

లైట్ బయటి అంచు కాదు, సీలింగ్ కన్నం కొలవండి, డబ్బా మీద కటౌట్ అని రాసేది అదే. కొత్తది చిన్నదైతే సందు కనిపిస్తుంది, పెద్దదైతే కన్నం కాస్త కొయ్యొచ్చు, కాబట్టి అటా ఇటా అనుకున్నప్పుడు పెద్దదే తీసుకోండి. స్ప్రింగ్ క్లిప్పులు పైకి మడిచి పట్టుకుని దూర్చాలి, జారితే వేలు పట్టుకుంటాయి, ఎలకబోను అనుకోండి. ఇంకా, ఇలాంటి వాటిల్లో సగం సార్లు లైట్ పోదు, డ్రైవర్ పోతుంది. డ్రైవర్ మీద రాసిన అవుట్‌పుట్ మిల్లీ ఆంపియర్లు, వోల్టుల రేంజ్ రెండూ సరిపోయే డ్రైవర్ దొరికితే అదొక్కటి మార్చుకోవచ్చు. డ్రైవర్‌కి కరెంట్ ఇచ్చి ఉంచి లైట్ పిన్ను గుచ్చకండి, ముందు పిన్ను, తర్వాత కరెంట్, లేకపోతే కొత్త లైట్ అప్పుడే పోయే అవకాశం ఉంది. మెయిన్ వైర్లు నేరుగా ప్యానల్‌కి కలపకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా, అయినా చెప్తున్నా.

పాత ట్యూబ్‌లైట్ పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబ్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ ఆ ట్యూబ్ ఏ రకమో చూసుకోవాలి. కొన్ని పాత చోక్‌తో పనిచేస్తాయి, స్టార్టర్ తీసి దాంతో వచ్చిన డమ్మీ స్టార్టర్ పెట్టాలి. కొన్నిటికి చోక్, స్టార్టర్ తీసేసి ఫేజ్ న్యూట్రల్ రెండూ ఒకే కొసకి ఇవ్వాలి, ఇంకొన్నిటికి చెరో కొసకి. డబ్బా మీద బొమ్మ ఉంటుంది, దాన్ని చూసే చెయ్యండి. పట్టీ వైరింగ్ మార్చేస్తే దాని మీద "చోక్ లేదు, ఎల్‌ఈడీ మాత్రమే" అని మార్కర్‌తో రాయండి, తర్వాత ఎవరో తెలీక మామూలు ట్యూబ్ పెట్టకుండా. నన్నడిగితే పట్టీ తుప్పు పట్టి ఉంటే ఈ తంటా ఎందుకు, పట్టీతో సహా వచ్చే ఎల్‌ఈడీ కొని బిగించెయ్యండి.

ఎన్ని వాట్లది కొనాలి? తెల్లదా, పసుపా?

వాట్లు చూడకండి, ల్యూమెన్లు చూడండి. పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు వెలుతురు దాదాపు 800 ల్యూమెన్లు. రంగు కెల్విన్లలో రాస్తారు, 2700, 3000 అంటే పసుపు, 4000 మధ్యస్థం, 6500 నీలం కొట్టే తెలుపు. పడకగదికి 6500 పెట్టి నిద్ర పట్టట్లేదనకండి. వంటింటికీ, అద్దం దగ్గరికీ సీఆర్‌ఐ 90 ఉన్నది తీసుకుంటే రంగులు సరిగ్గా కనిపిస్తాయి.

బాత్రూమ్‌లో ఏదైనా పెట్టొచ్చా?

ఐపీ రేటింగ్ చూడండి. రెండంకెల్లో మొదటిది దుమ్ముకి, రెండోది నీటికి. ఐపీ 20 అంటే నీటికి రక్షణ సున్నా, హాల్‌కి సరే. బాత్రూమ్‌లో ఐపీ 44 అయినా ఉండాలి, షవర్ నేరుగా చిమ్మే చోటైతే 65.

స్విచ్ ఆఫ్ చేసినా లైట్ మసగ్గా మిణుకుతోంది, దెయ్యమా?

పాపం దెయ్యం కాదు. ఎల్‌ఈడీకి చిటికెడు కరెంట్ చాలు. స్విచ్ మీద చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే దాంట్లోంచి కారే కరెంట్‌తోనే వెలుగుతుంది. ఫేజ్ వైరూ స్విచ్ వైరూ ఒకే పైపులో చాలా దూరం పక్కపక్కనే వెళ్తే అలా కూడా ఎక్కుతుంది. మూడో కారణం పైన చెప్పిందే, స్విచ్ న్యూట్రల్ మీద ఉండటం, ఇది మాత్రం సరిచేయించాలి, ఎందుకంటే మీరు ఆఫ్ చేశాననుకుంటున్న హోల్డర్‌లో కరెంట్ ఉంది. మొదటి రెండిటికీ లైట్‌కి అడ్డంగా పెట్టే చిన్న కెపాసిటర్ మాడ్యూల్ దొరుకుతుంది, లేదా ఇండికేటర్ లేని స్విచ్ వేసుకోండి.

వెలిగాక రెపరెపలాడుతోంది?

వెలుతురు తగ్గించే డిమ్మర్ ఉందా? ఉంటే లైట్ డిమ్మబుల్ అని రాసుందో లేదో చూడండి. రాసున్నా పాత డిమ్మర్‌కి కనీస లోడ్ అని ఒకటుంటుంది, పాత బల్బుల కాలం నాటిదానికి 9 వాట్ల ఎల్‌ఈడీ ఆనదు, డిమ్మర్ కూడా మార్చాలి. డిమ్మర్ లేకపోతే వదులు కనెక్షన్, ఆపి మళ్ళీ చూడండి. పక్క లైట్లు కూడా ఆడుతుంటే మీరు పెట్టిన లైట్‌ది కాదు తప్పు, లైన్‌లో ఎక్కడో న్యూట్రల్ వదులైంది, అది ఆలస్యం చెయ్యకుండా చూపించాల్సిన విషయం.

బిగించి మెయిన్ వెయ్యగానే ట్రిప్ అవుతోంది!

స్విచ్ వేసినప్పుడే ఎంసీబీ పడితే స్విచ్ వైరు న్యూట్రల్‌లో కలిసింది. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఆర్‌సీసీబీ పడుతుంటే న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతోంది, ఎక్కువసార్లు బ్రాకెట్ బిగించేటప్పుడు వైరు మధ్యలో నలిగి తోలు ఊడి ఉంటుంది. మూత దించి నలిగిన చోటు వెతకండి. ట్రిప్ అవుతుంటే పట్టుకుని మళ్ళీ మళ్ళీ ఎత్తడం వద్దు.

స్విచ్ వేసిన ప్రతిసారీ రంగు మారిపోతోంది, పాడైపోయిన లైట్ ఇచ్చారా?

లేదు, త్రీ ఇన్ వన్ కొన్నారు. ఆపి వెంటనే వేస్తే తెలుపు, పసుపు, మధ్యస్థం ఇలా మారుతుంది, కొన్నిటికి లోపల చిన్న స్విచ్ ఉంటుంది, ఒక రంగు దగ్గర ఆపెయ్యొచ్చు. ఒకే స్విచ్ మీద ఇలాంటివి నాలుగు పెడితే ఏదో ఒక రోజు ఒకటి దారి తప్పి వేరే రంగులో వెలుగుతుంది, అందుకే గది మొత్తానికి పెట్టేటప్పుడు ఒకే రంగువి కొనడం మేలు.

తీసేసిన పాత ట్యూబులు చెత్తలో పడేయొచ్చా?

వద్దు, ట్యూబ్‌లైట్లో, సీఎఫ్‌ఎల్‌లో కొద్దిగా పాదరసం ఉంటుంది. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి, అప్పటిదాకా కొత్త లైట్ వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి నిలబెట్టండి. పగిలితే కిటికీలు తెరిచి కాసేపు గదిలోంచి బయటికి వెళ్ళండి, చీపురుతో ఊడ్చకండి, వాక్యూమ్ కూడా పెట్టకండి, గట్టి కాగితంతో ముక్కలు ఎత్తి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో సహా మూత ఉన్న డబ్బాలో వేసి ఇవ్వండి. పాదరసం మీద ఉన్న మినమాటా ఒప్పందం ప్రకారం ఈ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి 2027 చివరికల్లా ఆపెయ్యాలని 2023లో నిర్ణయం అయింది, కాబట్టి స్పేర్ కోసమని పాత ట్యూబులు అటక మీద దాచుకోడం కన్నా పట్టీ మార్చేసుకోడమే నయం.